గర్భనిరోధక మాత్రలు, గర్భాశయ ముఖద్వార ఆరోగ్యం

కుటుంబ నియంత్రణ విషయంలో ఆంధ్రప్రదేశ్, ఒడిశా రాష్ట్రాల అలవాట్లు ఒక్కటి కావు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల వివాహిత మహిళల్లో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవారే. మాత్రలు వాడేవారు నూటికి ఒకరు కూడా లేరు. ఒడిశాలో మాత్రలు వాడేవారు నూటికి పదిమందికి పైగా ఉన్నారు. పార్వతీపురం, బొబ్బిలి, సాలూరు ప్రాంతాల నుంచి వచ్చి రాయగడ, జయపురం, కోరాపుట్, సునాబెడ పట్టణాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. అమ్మ, అత్త, అక్కచెల్లెళ్లు అందరూ రెండో కాన్పు తర్వాత ఆపరేషన్ చేయించుకున్న ఇంటి నుంచి వచ్చిన యువతికి, ఇక్కడి ఆశా కార్యకర్త మాత్రల పొట్లం అందించినప్పుడు సందేహం కలగడం సహజం. పుట్టింట్లో అడిగితే అనుభవంతో చెప్పగలవారు ఉండరు. ఇరుగుపొరుగు మాత్రం ఒక మాట చెబుతారు: మాత్రలు వాడితే గర్భసంచికి క్యాన్సర్ వస్తుందని.

ఈ మాట పూర్తిగా అబద్ధం కాదు, పూర్తిగా నిజమూ కాదు. అందులో నిజమెంత, భయమెంత అన్నది తెలుసుకోకపోవడం వల్ల రెండు రకాల నష్టాలు జరుగుతున్నాయి. కొందరు మాత్రలు మానివేసి, మరో పద్ధతి ఎంచుకోక, కోరని గర్భం దాలుస్తున్నారు. మరికొందరు ఏళ్ల తరబడి మందుల షాపులో మాత్రలు కొనుక్కుంటూ, ఒక్కసారి కూడా గర్భాశయ ముఖద్వారానికి పరీక్ష చేయించుకోవడం లేదు. రెండవ నష్టం పైకి కనిపించదు, కాని ప్రాణం మీదికి తెచ్చేది అదే.

వ్యాధికి మూలం

గర్భాశయం కింది భాగం సన్నబడి యోనిలోకి తెరుచుకునే చోటును గర్భాశయ ముఖద్వారం అంటారు. లోపలి వైపు పలుచని, స్రవించే కణాల పొర, బయటి వైపు మందమైన కణాల పొర ఉంటాయి. ఈ రెండు పొరలు కలిసే సరిహద్దు వయసుతో, కాన్పులతో, శరీరంలోని హార్మోన్లతో కొంత కొంత జరుగుతూ ఉంటుంది. కణాలు ఒక రూపం నుంచి మరో రూపానికి మారే ఈ ప్రదేశంలోనే ముఖద్వార క్యాన్సర్ ఎక్కువగా పుడుతుంది.

దాదాపు అన్ని ముఖద్వార క్యాన్సర్లకు మూలం హ్యూమన్ పాపిలోమా వైరస్, సంక్షిప్తంగా హెచ్‌పీవీ. ఇందులో అనేక రకాలున్నా, 16, 18 సంఖ్యలతో పిలిచే రెండు రకాలే సుమారు 70 శాతం కేసులకు కారణం. ఇది లైంగిక సంపర్కం ద్వారా వ్యాపిస్తుంది. అయితే ఇది సోకడం ఎవరి నడవడికకూ నిదర్శనం కాదు. దాంపత్య జీవితం గడిపే స్త్రీపురుషులలో అత్యధికులకు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ వైరస్ సోకుతుంది. భర్త తప్ప అన్యుడెరుగని స్త్రీకి కూడా భర్త నుంచి రావచ్చు; ఆ భర్తకు పెళ్లికి ఎన్నో ఏళ్ల ముందే సోకి ఉండవచ్చు. పురుషునిలో సాధారణంగా ఏ లక్షణమూ కనిపించదు.

సోకినవారిలో ఎక్కువమందికి శరీరమే ఒకటి రెండేళ్లలో వైరస్‌ను అణచివేస్తుంది. కొద్దిమందిలో మాత్రం అది తొలగిపోకుండా నిలిచి, ముఖద్వార కణాలను మెల్లగా మారుస్తుంది. ఆ మార్పు క్యాన్సర్‌గా పరిణమించడానికి సాధారణంగా 15 నుంచి 20 సంవత్సరాలు పడుతుంది. హెచ్‌ఐవీ ఉండి చికిత్స పొందని స్త్రీలలో 5 నుంచి 10 సంవత్సరాలలోనే జరగవచ్చు. ఈ సుదీర్ఘ వ్యవధిలో ఎప్పుడు పరీక్ష చేసినా మార్పును గుర్తించి, క్యాన్సర్ కాకముందే తొలగించవచ్చు. అయినా 2022లో భారతదేశంలో సుమారు 1,27,000 మందికి ఈ వ్యాధి కొత్తగా బయటపడగా, సుమారు 80,000 మంది మరణించారని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా. నివారించడానికి ఇంత వ్యవధి ఉన్న వ్యాధికి ఇన్ని ప్రాణాలు పోవడానికి ప్రధాన కారణం పరీక్ష అందకపోవడమే.

మాత్రల పాత్ర ఎంత?

ప్రభుత్వ కేంద్రాలలో ఉచితంగా ఇచ్చే మాలా–ఎన్ పొట్లంలో 28 మాత్రలుంటాయి. 21 మాత్రలలో ఈస్ట్రోజన్, ప్రొజెస్టోజన్ అనే రెండు హార్మోన్లు, మిగతా 7 మాత్రలలో ఇనుము ఉంటాయి. హార్మోన్లు అండం విడుదల కాకుండా ఆపుతాయి. ముఖద్వారం వద్ద ఉండే జిగురును చిక్కబరచి వీర్యకణాలు లోనికి పోకుండా చేస్తాయి. ఒక్క రోజు కూడా తప్పకుండా వాడితే ఏడాదిలో వెయ్యి మందిలో ముగ్గురికి మాత్రమే గర్భం వచ్చే అవకాశం ఉంది. మరపు, ప్రయాణాలు, పొట్లం అయిపోవడం వంటివి జరిగే నిత్య జీవితంలో నూటికి ఏడుగురి వరకు గర్భం రావచ్చు.

ఈ రెండు హార్మోన్ల మాత్రలను దీర్ఘకాలం వాడితే ముఖద్వార క్యాన్సర్ ముప్పు కొంత పెరుగుతుందన్నది నిర్ధారితమైన విషయమే. 24 అధ్యయనాలలోని సుమారు 52,000 మంది మహిళల వివరాలను కలిపి పరిశీలించిన ఫలితాలు 2007లో వెలువడ్డాయి. ఐదేళ్లు లేదా అంతకు మించి మాత్రలు వాడుతున్నవారిలో ముప్పు, అసలు వాడనివారితో పోలిస్తే దాదాపు రెట్టింపు ఉన్నట్లు తేలింది. మాత్రలు ఆపిన తర్వాత ఈ ముప్పు తగ్గుతూ వచ్చి, పదేళ్లు గడిచేసరికి వాడనివారి స్థాయికి చేరింది.

‘రెట్టింపు’ అనే మాట వినగానే గుండె జారుతుంది గనుక దాని పరిమాణాన్ని లెక్కలో చూడాలి. అదే పరిశీలన ప్రకారం, అభివృద్ధి చెందుతున్న దేశాలలో మాత్రలు వాడని వెయ్యి మంది స్త్రీలలో 50 ఏళ్లలోపు 7.3 మందికి ముఖద్వార క్యాన్సర్ వస్తుంది. 20 నుంచి 30 ఏళ్ల వయసు వరకు పదేళ్లపాటు మాత్రలు వాడిన వెయ్యి మందిలో అది 8.3 అవుతుంది. అంటే పదేళ్ల వాడకానికి వెయ్యి మందిలో ఒకరు అదనం. మరోవైపు ఇవే మాత్రలు అండాశయ క్యాన్సర్, గర్భాశయ లోపలి పొర క్యాన్సర్ ముప్పును తగ్గిస్తాయి. ఆ రక్షణ మాత్రలు ఆపిన తర్వాత కూడా చాలా ఏళ్లు నిలుస్తుంది. కోరని గర్భాలు, వెంట వెంట కాన్పులు, అరక్షిత గర్భస్రావాలు తల్లి ప్రాణానికి తెచ్చే అపాయాన్నీ లెక్కలోకి తీసుకోవాలి.

వైరస్ లేనిదే మాత్ర ఒక్కటే ఈ క్యాన్సర్‌ను పుట్టించదు. వైరస్ నిలిచిపోయిన చోట మార్పు వేగాన్ని అది కొంత పెంచుతుంది. పొగాకు కూడా ఇదే పని చేస్తుంది. ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన పెద్ద వయసు స్త్రీలలో నేటికీ కొందరికి అడ్డచుట్ట అలవాటు ఉంది. నిప్పున్న కొస నోటి లోపల ఉంచుకొని తాగే ఈ చుట్ట అంగిటికి చేటు అని పలువురికి తెలుసు. పొగ తాగడం గర్భాశయ ముఖద్వారానికీ చేటే. 35 ఏళ్లు దాటి పొగ తాగే స్త్రీ రెండు హార్మోన్ల మాత్రలు వాడరాదు, ఆమెకు రక్తం గడ్డకట్టే ముప్పు, గుండెపోటు ముప్పు అధికమవుతాయి.

ఏ పద్ధతి ఎవరికి?

మాత్రలు వద్దనుకున్న స్త్రీకి వేరే దారులున్నాయి. ఒక్కొక్క పద్ధతికీ ముఖద్వార ఆరోగ్యంతో ఉన్న సంబంధం ఒక్కో విధంగా ఉంటుంది.

అంతర ఇంజెక్షన్‌ను మూడు నెలలకు ఒకసారి ఇస్తారు. ఇందులో ఒక్క హార్మోన్ మాత్రమే ఉంటుంది. పాలిచ్చే తల్లులు కాన్పయిన ఆరు వారాల తర్వాత తీసుకోవచ్చు. ఐదేళ్లకు మించి వాడినవారిలో ముఖద్వార క్యాన్సర్ ముప్పు పెరుగుదల మాత్రలతో పోలిస్తే చాలా స్వల్పం. తొలి నెలల్లో క్రమం తప్పిన రక్తస్రావం, ఆ తర్వాత నెలసరి ఆగిపోవడం దీని సాధారణ ప్రభావాలు. ఆపిన తర్వాత తిరిగి గర్భం దాల్చడానికి చివరి ఇంజెక్షన్ నుంచి 7 నుంచి 10 నెలలు పట్టవచ్చు.

ఛాయా మాత్రలో ఈస్ట్రోజన్, ప్రొజెస్టోజన్ హార్మోన్లు ఉండవు. లక్నోలోని కేంద్రీయ ఔషధ పరిశోధన సంస్థ రూపొందించిన సెంట్‌క్రోమన్ అనే మందు ఇందులో ఉంటుంది. మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి చొప్పున వేసుకోవాలి. పాలిచ్చే తల్లులకూ ఇది అనుకూలం. అయితే ముఖద్వార కణాల పెరుగుదల ఉన్నట్లు తేలినవారు, అండాశయాలలో నీటితిత్తులు ఉన్నవారు, ఇటీవల కామెర్లు వచ్చినవారు, క్షయ లేదా మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు వాడరాదు.

కాపర్–టీ లో హార్మోన్ ఉండదు. 380–ఎ రకం పదేళ్లు, 375 రకం ఐదేళ్లు పనిచేస్తాయి. 2011లో వెలువడిన ఒక పెద్ద పరిశీలనలో లూప్ వాడిన స్త్రీలలో ముఖద్వార క్యాన్సర్ ముప్పు వాడనివారి కంటే దాదాపు సగం మేర తక్కువగా కనిపించింది. ‘లూప్ వేయిస్తే పుండు పడి క్యాన్సరవుతుంది’ అన్న ప్రచారానికి ఆధారం లేదు.

కండోమ్ వైరస్ నుంచి సంపూర్ణంగా కాకపోయినా కొంత మేరకు కాపాడుతుంది. ఇతర సుఖవ్యాధుల నుంచి, హెచ్‌ఐవీ నుంచి గట్టి రక్షణ ఇస్తుంది. ఇది భర్త పంచుకోగలిగిన బాధ్యత. కోత, కుట్టు లేని పురుషుల ఆపరేషన్ కూడా అటువంటిదే.

ఆపరేషన్ చేయించుకున్న స్త్రీలు ఒక విషయం గమనించాలి. ఆ ఆపరేషన్‌లో అండవాహికలను మాత్రమే మూసివేస్తారు. ముఖద్వారం యథాతథంగా ఉంటుంది, వైరస్ ముప్పు కూడా యథాతథంగానే ఉంటుంది. ‘ఆపరేషన్ అయిపోయింది, ఇక డాక్టరుతో పనేమిటి’ అనుకొని 25వ ఏట ఆసుపత్రి గడప దిగిన స్త్రీ మళ్లీ 50వ ఏట రక్తస్రావంతోనే గడప ఎక్కడం జరుగుతోంది. తెలుగు కుటుంబాలలో ఆపరేషన్ చేయించుకున్నవారే అధికం గనుక, ముఖద్వార పరీక్ష అవసరం మాత్రలు వాడేవారికి ఎంతో వారికీ అంతే.

రక్తపోటు అధికంగా ఉన్నవారు, కళ్ల ముందు మెరుపులతో కూడిన పార్శ్వపు తలనొప్పి వచ్చేవారు, కాలిలో రక్తం గడ్డకట్టినవారు, కాలేయ వ్యాధి ఉన్నవారు, కాన్పయిన ఆరు నెలల లోపు పాలిచ్చే తల్లులు రెండు హార్మోన్ల మాత్రలను సొంతంగా మొదలుపెట్టరాదు. క్షయకు వాడే రిఫాంపిసిన్ ఈ మాత్రల శక్తిని తగ్గిస్తుంది. కోరాపుట్, రాయగడ ప్రాంతాలలో కనిపించే సికిల్ సెల్ రక్తహీనత ఉన్నవారు ఆ సంగతి ముందే చెప్పాలి. వారికి అంతర వంటి పద్ధతి మరింత అనుకూలం కావచ్చు. మందుల షాపులో పొట్లం చేతికిచ్చేవారు ఈ ప్రశ్నలన్నీ అడగరు. అందువల్ల మొదటి పొట్లం ఆరోగ్య కేంద్రంలో రక్తపోటు చూపించుకొని తీసుకోవడం ఉత్తమం.

రక్తస్రావాన్ని అర్థం చేసుకోవడం

మాత్రలు, ఇంజెక్షన్ మొదలుపెట్టిన తొలి మూడు నెలల్లో నెలసరికీ నెలసరికీ మధ్య కొద్దిపాటి మరక కనిపించడం సాధారణం. చాలామందిలో అది దానంతట అదే సర్దుకుంటుంది. చిక్కు ఎక్కడ వస్తుందంటే, ముఖద్వార క్యాన్సర్ తొలి సూచన కూడా అకాల రక్తస్రావమే. ‘మాత్రల వేడి’ అని సర్దిచెప్పుకొని ఏడాది గడిపేస్తే వ్యాధి ముదరవచ్చు.

ఈ కింది వాటిలో ఏది కనిపించినా, ఏ గర్భనిరోధక పద్ధతి వాడుతున్నా, వెంటనే ముఖద్వారాన్ని పరీక్ష చేయించుకోవాలి: భార్యాభర్తల కలయిక తర్వాత రక్తం కనిపించడం, మూడు నెలలు దాటినా ఆగని మధ్యంతర రక్తస్రావం, ముట్లుడిగిన తర్వాత తిరిగి రక్తం కనిపించడం, దుర్వాసనతో, నీళ్లలాగా లేదా రక్తపు జీరతో తెల్లబట్ట కావడం, పొత్తికడుపులో, నడుములో వీడని నొప్పి. చివరి రెండింటికి ఇతర కారణాలు ఎక్కువ. అయినా చూపించుకోవడమే మంచిది.

ఇక్కడే తెలుగు స్త్రీలకు ప్రత్యేకంగా వర్తించే మరో హెచ్చరిక అవసరం. ఈస్ట్రోజన్ ప్రభావం వల్ల ముఖద్వారం లోపలి ఎర్రని పొర బయటికి కనిపించవచ్చు. మాత్రలు వాడేవారిలో, గర్భిణులలో, చిన్న వయసువారిలో ఇది మామూలు. చూడడానికి ఎర్రగా ఉంటుంది, తాకితే కొద్దిగా రక్తం చెమర్చవచ్చు. ఇది పుండు కాదు, క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారే దశా కాదు. కాని దీనినే ‘గర్భసంచికి పుండు పడింది, తీసేయకపోతే క్యాన్సరవుతుంది’ అని చెప్పి, ముప్పై ఏళ్లకే గర్భసంచి తొలగించిన ఉదంతాలు తెలుగు ప్రాంతాలలో తరచుగా వెలుగులోకి వచ్చాయి. 2019–21 సర్వే ప్రకారం 15–49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తొలగించబడినవారు దేశం మొత్తం మీద నూటికి సుమారు ముగ్గురైతే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది. అనవసరపు తొలగింపులను అరికట్టే మార్గదర్శకాలను అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది.

గర్భసంచి తొలగించమని సలహా వచ్చినప్పుడు అడగవలసిన ప్రశ్నలు మూడు. ముఖద్వార పరీక్ష చేశారా? అనుమానం ఉన్న చోటి నుంచి ముక్క తీసి పరీక్షకు పంపారా? తొలగింపు కాక వేరే చికిత్స ఉందా? రాతపూర్వకమైన పరీక్షా ఫలితం లేకుండా, క్యాన్సర్ భయం ఒక్కటే కారణంగా ఆపరేషన్‌కు అంగీకరించనవసరం లేదు. మరో వైద్యుని అభిప్రాయం కోరడం రోగి హక్కు.

ముఖద్వార పరీక్ష

జాతీయ కార్యక్రమం ప్రకారం 30 నుంచి 65 ఏళ్ల మధ్య ప్రతి స్త్రీ ఐదేళ్లకు ఒకసారి ముఖద్వార పరీక్ష చేయించుకోవాలి. లక్షణాలు ఉండనవసరం లేదు. లక్షణాలు లేనప్పుడు చేయించుకునే పరీక్షకే విలువ ఎక్కువ. హెచ్‌ఐవీ ఉన్నవారు 25 ఏళ్ల నుంచే, మరింత తరచుగా చేయించుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది.

ప్రభుత్వ కేంద్రాలలో ఎక్కువగా అనుసరించే పద్ధతిని వీఐఏ అంటారు. వంటింట్లో వాడే వినెగర్ వంటి పలుచని ఎసిటిక్ ఆమ్లాన్ని ముఖద్వారానికి దూదితో అద్ది, ఒక నిమిషం ఆగి, వెలుతురులో కంటితో చూస్తారు. మార్పు చెందిన కణాలున్న చోట తెల్లని మచ్చ తేలుతుంది. కోత లేదు, మత్తు లేదు, ఆసుపత్రిలో పడుకోవలసిన పని లేదు. కొద్ది నిమిషాలలో ముగుస్తుంది, ఫలితం అప్పుడే తెలుస్తుంది. చిన్నపాటి మంట, ఇబ్బంది తప్ప నొప్పి సాధారణంగా ఉండదు. నెలసరి రోజులలో, గర్భిణిగా ఉన్నప్పుడు, కాన్పయిన 12 వారాల లోపు ఈ పరీక్ష చేయరు. ముట్లుడిగిన వారిలో మార్పు ప్రదేశం లోపలికి జరిగి కంటికి అందదు గనుక, వారికి పాప్ పరీక్ష లేదా హెచ్‌పీవీ పరీక్ష తగినది.

తెల్లని మచ్చ కనిపించినంత మాత్రాన క్యాన్సర్ ఉన్నట్లు కాదు. మరింత పరిశీలన అవసరమని మాత్రమే అర్థం. అప్పుడు భూతద్దం వంటి పరికరంతో ముఖద్వారాన్ని పరీక్షిస్తారు, అవసరమైతే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. క్యాన్సర్‌కు ముందు దశ అని తేలితే, ఆ చోటును వేడితోనో అతిశీతలంతోనో నిర్మూలిస్తారు. అదే రోజు ఇంటికి వెళ్లవచ్చు. గర్భసంచి చెక్కుచెదరదు, పిల్లలు కనే శక్తి పోదు.

ఇంత సామాన్యమైన పరీక్ష నిజంగా ప్రాణాలు కాపాడుతుందా అన్న ప్రశ్నకు ముంబయి నగరం సమాధానమిచ్చింది. టాటా మెమోరియల్ ఆసుపత్రి 1998లో ఆ నగరపు మురికివాడలలో సుమారు 1,50,000 మంది మహిళలతో ఒక పరిశీలన ప్రారంభించింది. కొన్ని వారాల శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలే, వైద్యులు కాకుండా, ఈ వినెగర్ పరీక్ష చేశారు. పన్నెండేళ్ల తర్వాత చూస్తే, పరీక్ష అందినవారిలో ముఖద్వార క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయి. ఖరీదైన యంత్రాలు లేకున్నా, మురికివాడలలో సైతం ఈ వ్యాధిని ఎదుర్కోవచ్చని దానితో రుజువైంది. అయినా 2019–21 సర్వే నాటికి దేశంలో 30–49 ఏళ్ల మహిళల్లో ఎప్పుడైనా ఈ పరీక్ష చేయించుకున్నవారు నూటికి ఇద్దరు కూడా లేరు.

చెప్పించుకునే హక్కు

హార్మోన్ల పద్ధతుల మీద, టీకాల మీద తెలుగునాట ఉన్న అనుమానానికి ఒక చరిత్ర ఉంది. 1985లో హైదరాబాద్ సమీపంలోని పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్–ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్‌పై ప్రయోగానికి స్త్రీలను చేర్చుకుంటున్నారు. తాము ప్రయోగంలో భాగమన్న సంగతి ఆ స్త్రీలకు తెలియదని స్త్రీశక్తి సంఘటన సభ్యులు బయటపెట్టారు. మరుసటి ఏడాది ఆ సంస్థ, మరికొన్ని మహిళా సంఘాలు కలిసి సుప్రీంకోర్టును ఆశ్రయించాయి. 2009లో ఖమ్మం జిల్లాలో బాలికలకు హెచ్‌పీవీ టీకా వేసే కార్యక్రమం ప్రయోగాత్మకంగా మొదలై, 2010 ఏప్రిల్‌లో నిలిచిపోయింది. కొందరు బాలికల మరణాలకు టీకా కారణం కాదని విచారణ కమిటీ తేల్చింది. కాని తల్లిదండ్రులకు బదులు వసతిగృహ వార్డెన్లు అంగీకార పత్రాలపై సంతకం చేసిన తీరును ఆ విచారణలు తప్పుపట్టాయి.

ఈ రెండు ఉదంతాల సారం ఒకటే. ఏ మందు ఇస్తున్నారో, దాని వల్ల మేలేమిటో, కీడేమిటో, వద్దంటే ఏమవుతుందో ముందుగా, అర్థమయ్యే భాషలో చెప్పాలి. ఆ సమాచారం అందనప్పుడే మంచి మందు మీద కూడా నమ్మకం పోతుంది. నేడు హెచ్‌పీవీ టీకా పలు దేశాలలో కోట్లాది బాలికలకు సురక్షితంగా అందింది. పుణెలోని సీరమ్ ఇన్‌స్టిట్యూట్ తయారుచేసే సెర్వావాక్ టీకాకు 2022లో అనుమతి లభించింది. 9 నుంచి 14 ఏళ్ల మధ్య, అంటే వైరస్ సోకే అవకాశం ఏర్పడక ముందే, వేయిస్తే ఫలితం అత్యధికం. దీని వల్ల సంతానం కలగదన్న ప్రచారం నిరాధారం. టీకా వేయించుకున్న బాలిక కూడా 30 ఏళ్లు దాటాక ముఖద్వార పరీక్ష చేయించుకోవాలి. టీకా అన్ని రకాల వైరస్‌ను ఆపదు.

రెండు రాష్ట్రాల మధ్య

వలస వచ్చిన కుటుంబాలలో ఈ పరీక్ష తప్పిపోవడానికి ప్రత్యేకమైన కారణం ఒకటుంది. కాన్పు పుట్టింట్లో, మాత్రలు ఇక్కడ, జ్వరమొస్తే దగ్గరలోని క్లినిక్కు, పెద్ద జబ్బయితే విశాఖపట్నం. ఏ ఒక్క చోటా ఆమె ఆరోగ్య వివరాలు పూర్తిగా ఉండవు. ఇక్కడి ఆశా కార్యకర్త జాబితాలో పేరు ఉండదు, పుట్టింటి ఊరి జాబితాలో ‘పెళ్లై వెళ్లిపోయింది’ అని ఉంటుంది. అందుచేత అద్దె ఇల్లైనా సరే, తమ వార్డు ఆశా కార్యకర్త వద్ద, అంగన్‌వాడీ కేంద్రంలో కుటుంబం పేర్లు నమోదు చేయించుకోవాలి. ప్రసవపు కాగితాలు, మాత్రలు మొదలుపెట్టిన తేదీ, ఇంజెక్షన్ తేదీలు, ముఖద్వార పరీక్ష ఫలితం ఒకే సంచిలో భద్రపరచి, ఎటు వెళ్లినా వెంట తీసుకుపోవాలి. పుట్టింటికి వెళ్లేముందు ఒక పొట్లం అదనంగా అడిగి తీసుకోవాలి. ఒక మాత్ర మరచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోవాలి. రెండు లేదా అంతకు మించి తప్పితే, మాత్రలు కొనసాగిస్తూనే ఏడు రోజుల పాటు కండోమ్ వాడాలి.

భాష కూడా అడ్డంకి కారాదు. ఒడియాలో గర్భాశయాన్ని ‘జరాయు’ అంటారు. తెలుగులో జరాయువు అంటే మావి గనుక పొరబడే అవకాశముంది. క్యాన్సర్‌ను ‘కర్కట’ అంటారు. ఆసుపత్రిలో ‘జరాయు ముఖ కర్కట’ అన్న మాట వినిపిస్తే అది గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ గురించేనని గ్రహించాలి. మాత్రను ‘బటికా’ అంటారు. ఈ పట్టణాలలోని ఆసుపత్రి సిబ్బందిలో తెలుగు అర్థమయ్యేవారు తరచుగా ఉంటారు. అడగడానికి సంకోచించనవసరం లేదు. మహిళా సిబ్బందే పరీక్ష చేయాలని, తోడుగా ఒకరు ఉండాలని కోరవచ్చు.

పరీక్ష కోసం మొదట దగ్గరలోని పట్టణ ఆరోగ్య కేంద్రాన్ని గాని, ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాన్ని గాని సంప్రదించాలి. తదుపరి పరీక్షలకు రాయగడ జిల్లా కేంద్ర ఆసుపత్రి, కోరాపుట్‌లోని శహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల ఆసుపత్రి ఉన్నాయి. క్యాన్సర్ అని నిర్ధారణ అయితే కటక్‌లోని ఆచార్య హరిహర్ సంస్థలోనూ, విశాఖపట్నం అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలోనూ చికిత్స లభిస్తుంది. బయలుదేరే ముందు తమ ఆరోగ్య కార్డు అక్కడ చెల్లుతుందో లేదో అడిగి తెలుసుకోవాలి.

15–19 ఏళ్ల కోడలు మొదలు 65 ఏళ్ల అత్త వరకు ఒకే ఇంట్లో ముగ్గురు నలుగురు స్త్రీలు ఉండవచ్చు. ఒకరు మాత్రలు వాడుతుంటారు, ఒకరు ఆపరేషన్ చేయించుకొని ఉంటారు, ఒకరికి ముట్లుడిగి ఉంటాయి. పద్ధతి ఏదైనా, ముఖద్వారం అందరికీ ఉంది. మాత్రలు వాడుతున్న స్త్రీ భయపడి అర్ధాంతరంగా మానివేయనవసరం లేదు. ఐదేళ్లు దాటితే వైద్యురాలితో మాట్లాడి కొనసాగించాలో, మార్చాలో నిర్ణయించుకోవచ్చు. 30 దాటిన ప్రతి స్త్రీ, ఆమె ఏ మాత్ర వాడినా, ఏదీ వాడకపోయినా, ఐదేళ్లకు ఒకసారి కొద్ది నిమిషాలు ఆ పరీక్షకు కేటాయించాలి. తోడుగా ఇంట్లోని పెద్దవారినీ వెంటబెట్టుకొని వెళితే ఒకే ప్రయాణంలో ఇద్దరి పరీక్ష పూర్తవుతుంది.